ఈనె ఎండాక

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది.
ఎవరూ లేపరు.
కొండపి చుట్టుపక్కల బ్యారన్ల కింద
నలభై రెండేళ్ళు మంట కాసిన ఒళ్ళిది.
పొయ్యి ఆరిపోయిందని
దానికింకా ఎవరూ చెప్పలేదు.

టార్చిలైటు కోసం మంచం కింద తడుముతాను,
చేతికి మందుల డబ్బా తగులుతుంది.

ఒకప్పుడు ఈ వేళకి
గాజు కిటికీలోంచి లోపలికి వెలుగు కొట్టి
కర్రల మధ్య వేలాడే థర్మామీటరు చూసేవాణ్ణి.
తొంభై అయిదు దగ్గర
ఆకు తన పచ్చదనం తనే వదులుకోవాలి.
మంట ఎగదోశామా, పచ్చ అట్టాగే బిగుసుకుపోద్ది.
నానబెట్టామా, మచ్చ పడతది.
ఒక ఆసామి ఏడాది కష్టం
నా రెప్పల మీద వేలాడేది.

ఇప్పుడు నా అంకెలకే నేను కాపలా.
పొద్దున్నే వేలు గుచ్చి వెంగమ్మ చదువుతుంది:
"నూట అరవై."
ఉలిక్కిపడతాను.
మా లెక్కలో అది ఆఖరి మంట,
ఈనె ఎండే మంట.
"ఒక సరుగుడు మొద్దు బయటికి లాగమే" అంటాను.
నవ్వదు.
చక్కెర డబ్బా ఎక్కడ దాచిందో
మూడేళ్ళుగా నాకు తెలుసని
ఆమెకి తెలియదు.

చుట్ట మానేసి ఏడేళ్ళు.
ఊరందరి పొగాకూ ఎండబెట్టినోణ్ణి
ఒంగోలు డాక్టరు పొగ ముట్టొద్దన్నాడు.
తలూపి వచ్చేశాను.
ఆ మాట నాకెందుకో తమాషాగా అనిపించి
బస్సులో టంగుటూరు దాకా నవ్వుకున్నాను.
తర్వాత నవ్వు రాలేదు.
చాలా రోజులు వేళ్ళ మధ్య
చీపురుపుల్ల పెట్టుకు తిరిగాను.
ఇప్పుడు జేబులో పుట్నాల పప్పు.

సాయంత్రం మస్తానూ నేనూ
వేలంకేంద్రం దాకా నడిచి వెనక్కొస్తాం.
వాడి మనవరాలు వాడి ఫోనులో
అడుగులు లెక్కపెట్టేది ఏదో పెట్టిచ్చింది.
నిన్న గేటు దగ్గర ఆగి, అద్దాలు పైకి నెట్టి,
"అబ్బయ్యా, నాలుగువేలు అయినయ్యి,
యాడికీ పోలా" అన్నాడు.
ఇద్దరం కాసేపు
ఆ మూసిన గేటు వైపే చూస్తూ నిలబడ్డాం.

చెప్పని సంగతి ఒకటుంది.
పెరిదేపిలో ఒక రాత్రి కునుకు పట్టింది.
ఎంతసేపో కాదు, ఒక చుట్ట కాలేంత.
కర్ర జారి, ఆకు గొట్టం మీద పడింది.
తెల్లారేసరికి నాలుగు గోడలు,
గోడల మధ్య ఆకాశం.
ఆసామి చెన్నకేశవులు వచ్చి చూసి
బూడిదలో చెప్పుల్లేకుండా ఒకసారి నడిచి
నా వైపు తిరిగి, "టీ తాగినావా?" అన్నాడు.
అంతే.
ఆయన పోయి పదేళ్ళయింది.
ఆ రోజు తిట్టి ఉంటే
ఈపాటికి నిద్ర పట్టేదేమో నాకు.

ఇంత బతికి ఏం తెలుసుకున్నావంటే
నాకు తెలిసింది ఆకు ఒక్కటే.
ముందు పసుపెక్కుతుంది,
తర్వాత రేకు ఎండుతుంది,
అన్నిటికన్నా చివర, మొండిగా, ఈనె.
ఎండింది కదా అని వెంటనే చెయ్యి పెడితే
ఆకు పొడై చేతిలో రాలిపోతుంది.
మంట తీసేసి, తలుపులు బార్లా తెరిచి
రాత్రికి వదిలెయ్యాలి.
ఏదీ చెయ్యకుండా ఉండటం కూడా
మా పనిలో ఒక పనే.
కుర్రతనంలో అదే నాకు చేతకాలేదు.

అందుకని ఈ మధ్య రెండింటికి లేస్తే
నిద్రతో పోట్లాడటం మానేశాను.
తలుపు తీసి మెట్టు మీద కూర్చుంటాను.
తూర్పు నుంచి సముద్రపు తేమ వస్తుంది,
ఎక్కడో ఒక లారీ గేరు మారుస్తుంది.

రాత్రి వెంగమ్మ కూడా లేచి వచ్చింది.
పాతికేళ్ళు గ్రేడింగు చేసిన చేతులు,
ఆకుని గుప్పిట్లో నొక్కి
కట్టకి వచ్చిందో లేదో చెప్పేది.
పక్కన కూర్చుని నా చెయ్యి తీసుకుని
అట్టాగే నొక్కి చూసింది.

"ఇంకాసేపు కూర్చో" అంది.
"మెత్తబడలా."